బాలసముద్రం మిద్దె మీది గంధరాజం: ఒక కేస్ స్టడీ

హనుమకొండ బాలసముద్రంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఇంటి మిద్దె మీద ఉన్న గంధరాజం (గార్డీనియా) మొక్కకు కిందటి నవంబరు నుంచి ఈ జులై వరకు నేను చేసిన చికిత్సను, అందులో నేను చేసిన రెండు పొరపాట్లను, చివరకు అసలు కారణం దొరికిన తీరును ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ములుగు రోడ్డు వైపు ఒక చిన్న నర్సరీ నడుపుకుంటూ, పిలిచిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కుండీ మొక్కలు చూసి రావడం ఇరవై ఏళ్ళుగా నా వృత్తి. మందారమో నూరువరహాలో కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో మొక్క అడుగుతారు. గంధరాజం కొన్నవాళ్ళు మాత్రం పసుపు పచ్చబడిన ఆకు ఒకటి కాగితంలో చుట్టుకొని వస్తారు. మన ఊళ్ళలో రెండో ఎండాకాలం దాటిన కుండీ గంధరాజాలను నేను ఎక్కువగా చూడలేదు. అందుకే ఈ మొక్క విషయంలో ప్రతి వారం నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను.

మొక్క వయసు మూడేళ్ళు, ఎత్తు సుమారు రెండున్నర అడుగులు, ముద్ద పూల రకం. గోదావరి ప్రాంతపు నర్సరీల ఊరైన కడియం నుంచి లారీలో వచ్చిన నల్ల ప్లాస్టిక్ సంచి మొక్కను వేరే నర్సరీలో కొని, ఇంటికి తెచ్చిన వారంలోనే సిమెంటు కుండీలోకి మార్చారు. మొదటి ఏడాది బాగా పూసింది. రెండో ఏడాది నాలుగైదు పూలకే ఆగిపోయింది. మూడో ఏడాది ఒక్క పువ్వూ విచ్చుకోలేదు. ఫోనులో టీచరమ్మ చెప్పిన మాట ఇది: "తమ్మీ, మొగ్గ పట్టుడు మంచిగనే పడ్తది. బొటనవేలంత అయినంక అడుగు పసుపు పచ్చగై రాలుతాంది. పొద్దున లేసి మిద్దెక్కితే కింద మొగ్గలే ఊడ్సుడు అయితాంది."

ఇలాంటి ఫోను రాగానే నేను ముందుగా అడిగేది, ఆకు తుంచితే పాలు కారుతున్నాయా అని. మన దగ్గర ముద్ద నందివర్ధనాన్ని గంధరాజమని అమ్మేవాళ్ళూ ఉన్నారు, కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి అలాగే పిలుచుకోవడమూ ఉంది. నందివర్ధనం తుంచితే తెల్లటి పాలు వస్తాయి, గంధరాజానికి పాలు ఉండవు. ఈ తేడా తెలియకపోతే చికిత్స మొత్తం తప్పు మొక్కకు చేసినట్లు అవుతుంది, ఎందుకంటే నందివర్ధనం మన నేలలను, మన బోరు నీటిని ఇబ్బంది లేకుండా తట్టుకునే మొక్క. గంధరాజం కాఫీ, నూరువరహాలు ఉన్న కుటుంబానికి చెందినది. దాని పుట్టిల్లు చైనా, జపాన్ ప్రాంతాలు. ఆమ్ల గుణం ఉన్న నేల, గాలిలో తేమ, చల్లటి రాత్రులు దానికి అలవాటు. గార్డీనియా అనే పేరు అమెరికాలోని చార్లెస్టన్‌లో ఉండిన అలెగ్జాండర్ గార్డెన్ అనే వైద్యుడి పేరు మీద 18వ శతాబ్దంలో జాన్ ఎల్లిస్ పెట్టినది కాబట్టి, ఆ పేరుకు తోటతో సంబంధం లేదు. దీని దగ్గరి చుట్టమైన బిక్కి చెట్టు మన అడవుల్లోని రాళ్ళ నేలలో, ఎవరూ చుక్క నీరు పోయకుండానే బతుకుతుంది. దాన్ని చూసి దీనికీ అంతే చాలునని అనుకోవడానికి లేదు.

మొదటి పరీక్ష

నవంబరు రెండో వారంలో ఒక సాయంత్రం మొక్కను చూశాను. కొమ్మల చివర ఉన్న లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగి ఉన్నాయి, కానీ ఈనెలు మాత్రం సన్నటి ఆకుపచ్చ గీతలుగా మిగిలాయి. ఒక ఆకును తెంపి పడమటి ఎండకు ఎత్తి చూస్తే, పసుపు గుడ్డ మీద పచ్చ దారంతో వల అల్లినట్లు ఒక్కొక్క ఈనె విడిగా కనిపించింది. అడుగున ఉన్న ముదురు ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఇక్కడ ముదురాకా లేతాకా అన్నదే ముఖ్యమైన ఆనవాలు. నత్రజని తక్కువైతే ముందుగా ముదురాకు మొత్తంగా వెలిసిపోతుంది; మెగ్నీషియం తక్కువైతే ముదురాకు అంచుల నుంచి, ఈనెల మధ్య నుంచి పసుపు ఎక్కుతుంది; ఇనుము మొక్క లోపల ఒకచోటి నుంచి ఇంకోచోటికి సులభంగా కదలలేదు కాబట్టి దాని లోపం ఎప్పుడూ లేతాకులోనే మొదలవుతుంది. చలికాలం చివర గంధరాజం కొన్ని ముదురాకులను పసుపు చేసి రాల్చడం సహజమే, దానికి మందు అక్కరలేదు. ఇక్కడ ఉన్నది అది కాదు, ఇనుప ధాతు లోపమే.

అయితే ఇనుప ధాతు లోపం అన్నంత మాత్రాన మట్టిలో ఇనుము లేదని అర్థం కాదు. ఎర్రమట్టి ఎర్రగా ఉండటానికి కారణమే ఇనుము. మట్టి పీహెచ్ (ఆమ్ల గుణం తగ్గేకొద్దీ పెరిగే కొలత) ఒక అంకె పెరిగితే అందులో కరిగి ఉండే ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. అన్నం కుండ ఎదురుగానే ఉన్నా మూత తెరుచుకోని పరిస్థితి అన్నమాట. గంధరాజానికి 5 నుంచి 6.5 మధ్య పీహెచ్ కావాలి. కుండీలో మూడు అంగుళాల లోతు నుంచి మట్టి తీసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరిన నీటిలో పీహెచ్ పట్టీ ముంచితే రంగు 8 దాటింది.

కుండీ అంచున తెల్లటి పొర గట్టిగా పేరుకొని ఉంది. వంటింట్లోంచి నిమ్మచెక్క తెప్పించి ఆ పొర మీద నాలుగు చుక్కలు పిండితే సోడా పోసినట్లు చిన్న చిన్న బుడగలతో పొంగింది. మట్టి మీద పిండినా పొంగింది. సున్నం ఉందనడానికి ఇంతకంటే చౌకైన పరీక్ష లేదు. ఆ సున్నం ఎక్కడిదో తేల్చడానికి కూడా ఎక్కువ సేపు పట్టలేదు: కుండీ సిమెంటుది, నీళ్ళు పోసినప్పుడల్లా దాని గోడ నుంచి కొంత సున్నం మట్టిలోకి దిగుతూనే ఉంటుంది, మూడేళ్ళుగా పోస్తున్నది సిమెంటు సంపులో నిలవ ఉన్న బోరు నీరు, పైగా మొక్క నీరసపడిందని టీచరమ్మ నెలకొకసారి కోడిగుడ్డు పెంకుల పొడి, ఊరి నుంచి తెప్పించిన కట్టెల పొయ్యి బూడిద వేస్తూ వచ్చారు. టమాటాకు, వంకాయకు ఆ రెండూ పనికి రావచ్చు, కానీ రెండూ పీహెచ్‌ను పైకి తోసేవే. మొక్క ఎంత పసుపు పడితే అంత బూడిద పడింది, ఎంత బూడిద పడితే మొక్క అంత పసుపు పడింది.

కుండీ మార్పు, మొదటి పొరపాటు

కుండీ మార్చడానికి తొలకరి తర్వాతి కాలం మంచిది. నవంబరులో వేళ్ళ పెరుగుదల మందకొడిగా ఉంటుంది. అయినా ఆ మట్టిలో ఇంకో ఎనిమిది నెలలు ఉంచడం కంటే ఇదే నయమనిపించింది. కుండీ పగలగొట్టి తీసి చూస్తే, కడియం నుంచి వచ్చిన బంకమట్టి ముద్ద మధ్యలో అలాగే ఉంది. మూడేళ్ళ కింద సంచి కోసి ఎలా పెట్టారో అదే ఆకారం. వేళ్ళు ఆ ముద్ద చుట్టూ గుండ్రంగా తిరిగాయే తప్ప బయటి మట్టిలోకి పెద్దగా పోలేదు. ఈ బంకమట్టి నర్సరీ వాళ్ళకు ప్రాణాధారం, ఎందుకంటే వందల కిలోమీటర్లు లారీలో వచ్చినా ముద్ద విడిపోదు. కొన్నవాళ్ళకు మాత్రం అదే తలనొప్పి: వానాకాలంలో లోపల బురదగా ఉంటుంది, ఎండాకాలంలో ఇటుకలా గట్టిపడి, పోసిన నీరంతా పక్కనుంచి జారి అడుగు రంధ్రంలోంచి పోతుంది. ముద్దను గంటసేపు నీళ్ళ బకెట్‌లో ఉంచి, చెక్కపుల్లతో సగం వరకు రాల్చి, నల్లబడి మెత్తబడిన వేళ్ళను కత్తిరించాను. మొత్తం రాల్చాలని పట్టుపడితే పీచువేళ్ళు పోతాయి, సగం చాలు.

కొత్త మిశ్రమంలో రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు చల్క నేల ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు, రెండు గుప్పెళ్ళ వేపపిండి కలిపాను. కొబ్బరి పొట్టు దిమ్మెను నానబెట్టి మూడుసార్లు నీళ్ళు మార్చి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పు కుండీలోకి వస్తుంది. మన జిల్లాలో రైసు మిల్లుల ఊక బూడిద ఊరికే దొరుకుతుంది కాబట్టి మట్టి గుల్లగా ఉండాలని చాలా మంది కలుపుతారు, మా నర్సరీలోనూ వేరే మొక్కలకు కలుపుతాం, గంధరాజానికి మాత్రం అది పొయ్యి బూడిదకు తమ్ముడిలాంటిది. కుండీ పద్నాలుగు అంగుళాల మట్టిది తీసుకున్నాం. పై మట్టిలో ఒక చెంచా గంధకం పొడి కలిపాను. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తాయి, దానికి తడి, వెచ్చదనం, కొన్ని వారాల సమయం కావాలి. సున్నం నిండిన పాత మట్టిలో ఎంత గంధకం వేసినా ఆ ఆమ్లాన్ని సున్నమే తాగేస్తుంది, అందుకే మట్టి మార్చకుండా గంధకం వేయడం దండగ.

ఇక్కడి దాకా చేసింది సరైనదే. డిసెంబరు మొదటి వారంలో చేసింది తప్పు. వరి నారుమడిలోను, వేరుశనగలోను ఇనుప ధాతు లోపానికి మన రైతులు అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేటు) నిమ్మ ఉప్పుతో (సిట్రిక్ ఆమ్లం) కలిపి చల్లడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి, అదే అలవాటుతో లీటరుకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పొద్దున పదకొండు గంటలకు ఆకుల మీద కొట్టాను. పొలంలో పైరుకు సరిపోయే మోతాదు, మిద్దె మీద ఎండలో, బలహీనపడిన లేతాకుకు సరిపోదని ఆలోచించలేదు. మూడో రోజుకు ఆకుల చివర్లు నల్లగా మాడాయి. దానికి తోడు, కింద పడిన మందు కొత్తగా వేయించిన తెల్ల టైల్స్ మీద తుప్పు రంగు మరకలుగా దిగిపోయింది. టీచరమ్మ భర్త ఆ మరకలను నాకు చూపించి, ఏమీ అనకుండా కిందికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి అన్నభేది లీటరుకు 2 గ్రాములు మించనివ్వను, ఎండ తగ్గాకే కొడతాను, కింద గోనెసంచి పరుస్తాను.

జనవరి ఆశ, ఫిబ్రవరి దెబ్బ

ఆకులు మాడినా వేళ్ళు కుదురుకున్నాయి. జనవరి చివరికి కొత్త చిగుళ్ళు పచ్చగా, మెరుస్తూ వచ్చాయి. కొమ్మల చివర మొగ్గలు లెక్కపెడితే 23 ఉన్నాయి. రాత్రి చలి 15, 18 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లోనే గంధరాజానికి మొగ్గ కట్టడం బాగా జరుగుతుంది కాబట్టి వరంగల్‌లో డిసెంబరు, జనవరి దానికి మంచి కాలం. ఇక ఫిబ్రవరిలో పూస్తుందని చెప్పి వచ్చాను.

ఫిబ్రవరి మూడో వారానికి 23 మొగ్గల్లో 19 రాలిపోయాయి. లేతాకులు మళ్ళీ పసుపు పడ్డాయి, ఈసారి ముదురాకుల అంచులు కూడా గోధుమ రంగులో ఎండాయి.

మొగ్గ రాలడానికి కారణాలు చాలా ఉంటాయి. ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు ముంచడం, మొగ్గ దశలో కుండీని చోటు మార్చడం, పొడిగాలి, రాత్రి వేడి, మొగ్గలో దూరిన తామర పురుగు, వేరుకుళ్ళు, వీటిలో ఏదైనా కావచ్చు. రాలిన మొగ్గల్లో ఆరింటిని బ్లేడుతో నిలువుగా చీల్చి చూశాను, పురుగు గాని దాని మలం గాని లేదు. కుండీ అడుగున వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కుండీ చోటు మారలేదు. నీళ్ళు రోజూ ఒకే వేళకు పోస్తున్నారు. నవంబరులో కుండీ మార్చిన దెబ్బ ఆలస్యంగా తగిలిందేమో అనుకున్నాను, కానీ ఆ దెబ్బే అయితే జనవరి చిగుళ్ళు అంత పచ్చగా వచ్చేవి కావు.

నీళ్ళ సంగతి అడగకుండా లేను. నవంబరులోనే బోరు నీళ్ళు నేరుగా పోయవద్దని గట్టిగా చెప్పి వెళ్ళాను. ఫిబ్రవరిలో మళ్ళీ అడిగితే టీచరమ్మ కొంచెం నొచ్చుకున్నట్లుగానే జవాబిచ్చారు: "నువ్వు చెప్పిన కాన్నుంచి బోరు నీళ్ళు బంద్ జేసిన తమ్మీ. ఫిల్టర్ నీళ్ళే పోస్తున్నం. మేం తాగే మిషన్ నీళ్ళు." తాగే నీళ్ళే పోస్తున్నారంటే ఇక అడగడానికేం ఉంటుంది? నీళ్ళ పేజీ పక్కన టిక్కు పెట్టుకొని, మట్టిలోనే ఏదో ఉందని వారం రోజులు అటే వెతికాను.

నీలం డ్రమ్ము

ఆ తర్వాతి ఆదివారం ఆరున్నరకు, అటువైపు వేరే పని ఉండి, చెప్పకుండానే వెళ్ళాను. మిద్దె మెట్ల కింద ఒక నీలం రంగు డ్రమ్ము ఉంది. వంటింటి కిటికీలోంచి చిటికెన వేలంత సన్నటి తెల్ల పైపు ఒకటి గోడ వెంట వచ్చి అందులో దిగింది. ఇంట్లో పనిచేసే అమ్మాయి ఆ డ్రమ్ములోంచి మగ్గుతో బకెట్ నింపుకొని మిద్దె ఎక్కుతోంది. ఏ నీళ్ళమ్మా అని అడిగాను. "ఫిల్టర్ నీళ్ళే సార్" అంది.

అవి ఆర్‌ఓ మిషన్ శుభ్రం చేసి ఇచ్చిన నీళ్ళు కావు, శుభ్రం చేయగా మిగిలి బయటికి వదిలేసే నీళ్ళు. ఇంట్లో అందరూ రెండింటినీ ఫిల్టర్ నీళ్ళనే అంటున్నారు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. జేబులో ఉన్న టీడీఎస్ పెన్నుతో (నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే పరికరం) అక్కడే మూడు గ్లాసులు పెట్టి చూశాను: తాగే నీరు 55, బోరు నీరు 740, డ్రమ్ములోని నీరు 1010. ఇందులో వింత లేదు. ఆర్‌ఓ పొర నీటిని మాత్రమే దాటనిచ్చి ఉప్పులను, సున్నాన్ని వెనక్కి నెడుతుంది. నాలుగు గ్లాసుల బోరు నీరు లోపలికి పోయి ఒక గ్లాసు మంచినీరు వస్తే, ఆ నాలుగు గ్లాసుల ఉప్పంతా మిగిలిన మూడు గ్లాసుల్లో సర్దుకుంటుంది. ఆ నీటిని కుండీలో పోస్తే మొక్క నీటిని తాగుతుంది, ఎండ కొంత తాగుతుంది, ఉప్పు మట్టిలోనే ఉంటుంది. మర్నాడు మళ్ళీ అదే. చలికాలంలో నీటి వాడకం తక్కువ కాబట్టి జనవరి దాకా మొక్క నెగ్గుకొచ్చింది. ఫిబ్రవరిలో ఎండ ముదిరి రోజూ పోయడం మొదలయ్యాక ఉప్పు పేరుకుంది, వేళ్ళు తడిలో ఉండి కూడా నీళ్ళు పీల్చలేక మొగ్గను వదిలించుకున్నాయి. ముదురాకుల అంచులు ఎండటం నేను ఫిబ్రవరిలోనే చూశాను. అది ఇనుప ధాతు లోపపు లక్షణం కాదని, ఉప్పు లక్షణమని తెలిసి కూడా, టిక్కు పెట్టిన పేజీని మళ్ళీ తెరవలేదు.

ఇంకో చేదు నిజం, బోరు నీరు మానేయమని చెప్పింది నేనే. ఆమె నా మాట విని, నీరు వృథా కాకూడదన్న మంచి ఉద్దేశంతో, బోరు కంటే అధ్వానమైన నీటిని మూడు నెలలు పోశారు. వద్దన్నానే గాని, దాని బదులు ఏ నీరు పోయాలో ఆ రోజు చెప్పలేదు. అది ఈ కేసులో నా రెండో పొరపాటు, మొదటిదాని కంటే పెద్దది.

సరిదిద్దిన తీరు

ముందు కుండీని కడగాలి. పద్నాలుగు అంగుళాల కుండీలోని మట్టి సుమారు 20 లీటర్లు ఉంటుంది కాబట్టి దానికి రెట్టింపు, అంటే 40 లీటర్ల మంచినీటిని రెండు రోజుల్లో కొద్దికొద్దిగా పోసి, అడుగు రంధ్రంలోంచి ధారాళంగా బయటికి పోనిచ్చాం. మొదట బయటికి వచ్చిన నీరు టీ డికాక్షన్ రంగులో ఉంది, పెన్ను 2100 చూపింది; రెండో రోజు సాయంత్రానికి 400 దగ్గరికి వచ్చింది. తాగే నీళ్ళు అన్ని పోయడానికి టీచరమ్మకు మనసొప్పలేదు. ఎప్పటికీ అవే పోయమని నేనూ చెప్పలేదు.

రోజువారీ వాడకానికి బోరు నీటినే దారికి తెచ్చుకున్నాం. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు పది లీటర్ల బకెట్‌కు అర చెంచా వేసి, కలిపి, పది నిమిషాల తర్వాత పట్టీ ముంచితే 6 చూపింది. వేరే ఇంటి బోరుకు ఇదే కొలత సరిపోతుందని చెప్పలేను, నీటిలోని బైకార్బొనేటును (పీహెచ్‌ను పైకి తోసే లవణం) బట్టి మోతాదు మారుతుంది, అందుకని ముందు పావు చెంచాతో మొదలుపెట్టి పట్టీ చూసుకుంటూ పెంచాలి. నిమ్మ ఉప్పు బైకార్బొనేటును విరుస్తుంది గాని నీటిలోని మిగతా ఉప్పులను తీసేయదు. కాబట్టి నెలకొకసారి మంచినీటితో కుండీని కడగడం తప్పదు. మార్చి చివర ఏసీ మొదలయ్యాక దాని పైపు కింద బకెట్ పెట్టించాను. గాలిలోని తేమ చల్లబడి కారే ఆ నీటిలో ఉప్పు దాదాపు ఉండదు, వారానికి రెండు రోజులు మొక్కకు అవే సరిపోయాయి. డ్రమ్ములోని నీరు ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి, పెరట్లోని కొబ్బరి చెట్టుకు మళ్ళించాం. టీచరమ్మ సుద్దముక్కతో డ్రమ్ము మీద "గంధరాజం వద్దు" అని బ్లాక్‌బోర్డు అక్షరాలతో రాశారు. వానకు చెరిగిపోతే మళ్ళీ రాస్తున్నారు.

ఇనుము కోసం ఈసారి ఆకుల జోలికి పోలేదు. చెలేటు ఇనుములో, అంటే మట్టిలో గడ్డకట్టకుండా వేరే పదార్థం పట్టి ఉంచిన ఇనుములో, రెండు రకాలు బజారులో దొరుకుతాయి. ఈడీటీఏ రకం చౌక, కానీ మట్టి పీహెచ్ 6.5 దాటితే ఇనుమును పట్టి ఉంచలేదు. ఈడీడీహెచ్ఏ రకం ఖరీదు ఎక్కువ, ముదురు ఎరుపు పొడి, సున్నపు మట్టిలో కూడా నిలబడుతుంది. రెండోది 3 గ్రాములు రెండు లీటర్ల నీటిలో కలిపి, ముందే తడిపిన మట్టిలో పోశాను. ఎర్ర సిరాలా ఉండే ఆ నీరు టైల్స్ మీద పడకుండా కుండీ కింద పళ్ళెం పెట్టించడం ఈసారి మరిచిపోలేదు. మూడు వారాల్లో చిగుళ్ళు పచ్చబడ్డాయి, పసుపు పడిన నడిమి ఆకులు కూడా చాలావరకు తేరుకున్నాయి. అంచులు ఎండిన ఆకులు అలాగే ఉండి రాలిపోయాయి.

ఎరువు విషయంలో ఒక మాట. టీ పొడి వేస్తే మట్టి పుల్లబడుతుందని విని టీచరమ్మ రోజూ వేయబోయారు, నేను ఆపాను. మన ఇళ్ళలో టీ పొడి పాలతో, చక్కెరతో కలిసి కాగుతుంది. అది కుండీలో పడితే పులుపు కంటే ముందు చీమలు వస్తాయి. దాని బదులు నెలకొకసారి ఒక చెంచా అమ్మోనియం సల్ఫేటు, రెండు నెలలకొకసారి గుప్పెడు వేపపిండి వేశాం. అమ్మోనియం సల్ఫేటు నత్రజనిని ఇస్తూనే మట్టిని ఆమ్లం వైపు జరుపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అది కూడా ఆపేశాం.

ఎండాకాలం

వరంగల్ మే నెలలో గంధరాజాన్ని పూయించాలని చూడకూడదు, దాటించాలని చూడాలి. మిద్దె మీది మొక్కకు పైనుంచి ఎండ, కింది నుంచి కాలిన కాంక్రీటు వేడి రెండూ తగులుతాయి. కుండీని మెట్ల గది తూర్పు గోడ పక్కకు మార్చాం, అక్కడ పదకొండు గంటల దాకా ఎండ, తర్వాత గోడ నీడ. మార్చి రెండో వారం నుంచి పైన 50 శాతం నీడ వల కట్టించాం. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, చుట్టూ గోనెసంచి కట్టి, ఆ సంచిని మధ్యాహ్నం ఒకసారి తడిపాం. మట్టి కుండీ, తడి గోనె కలిస్తే రంజన్‌లోని నీళ్ళలా లోపలి మట్టి చల్లబడుతుంది. చుట్టూ కరివేపాకు, తులసి, మల్లె కుండీలను గుంపుగా పెట్టడం వల్ల పొడిగాలి దెబ్బ కొంత తగ్గింది. నీళ్ళు పొద్దున ఆరింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, దాన్ని నేరుగా పోస్తే వేళ్ళు ఉడుకుతాయి. రాత్రే బకెట్లో పట్టి పెట్టుకోమన్నాను.

ఏప్రిల్‌లో వచ్చిన ఏడెనిమిది మొగ్గలు రాలాయి. రాత్రి వేడికి అవి నిలబడవని ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారు పడలేదు. ఆ నెలలోనే కొమ్మల కీళ్ళలో పిండినల్లి కనిపించింది. వేప నూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రాలు వారం తేడాతో మూడుసార్లు కొట్టి, చీమలు ఎక్కకుండా ఇటుకల కింద నీళ్ళ పళ్ళేలు పెడితే పోయింది.

జూన్ మూడో వారం నుంచి వాన నీటిని మూత ఉన్న వేరే డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండా పలచటి గుడ్డ కట్టించాను. నీడ వల తీసేశాం. జూన్ చివరికి 13 మొగ్గలు కట్టాయి. జులై మొదటి వారంలో ఒక సాయంత్రం టీచరమ్మ ఫోను చేసి ఏమీ చెప్పకుండా, "ఒకసారి వచ్చి పో తమ్మీ" అన్నారు. వెళ్ళేసరికి మెట్ల మీదనే వాసన తగిలింది. 13లో 11 పూశాయి, రెండు రాలాయి. మొదటి రోజు పాలలా తెల్లగా ఉన్న పువ్వు మూడో రోజుకు వెన్న రంగుకు, ఆ తర్వాత లేత పసుపుకు తిరుగుతుంది; అది జబ్బు కాదు, దాని నైజం. రేకును వేలితో నలిపితే గంటలో గోధుమ రంగు మచ్చ పడుతుంది కాబట్టి ఆమె తొడిమ పట్టుకొని కోసి, ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి తేలేశారు, పూజకు పక్కనే పెట్టారు.

పూలయ్యాక, జులై చివరలో, పొడుగు సాగిన కొమ్మలను మూడో వంతు కత్తిరించాను. ఈ మొక్కను కత్తిరించడానికి అదే తగిన సమయం. అక్టోబరు దాటాక కత్తెర పెడితే చలికాలంలో మొగ్గ కట్టాల్సిన కొమ్మలు పోతాయి. కత్తిరించిన వాటిలో పెన్సిల్ కంటే కొంచెం సన్నగా, సగం ముదిరిన కొమ్మలు ఐదింటిని ఎంచి, ఐదు అంగుళాల ముక్కలుగా చేసి, పై రెండు ఆకులను సగానికి కోసి, కడిగిన కొబ్బరి పొట్టు, ఇసుక సమంగా కలిపిన చిన్న కప్పుల్లో నాటి, పైన ప్లాస్టిక్ సీసా అడుగు కోసి బోర్లించాను.

మొక్క పూర్తిగా బాగుపడిందని మాత్రం రాయలేను. ఉత్తరం వైపు కొమ్మ ఒకటి ఇప్పటికీ కొంచెం పసుపుగానే ఉంది. నవంబరులో రాల్చకుండా వదిలిన పాత బంకమట్టి ఆ వైపు వేళ్ళలోనే మిగిలి ఉందని నా అనుమానం. వచ్చే తొలకరికి కుండీ మార్చినప్పుడు ఆ ముద్దను నిమ్మరసంతో పరీక్షించి చూడాలి. నాటిన ఐదు ముక్కల్లో సెప్టెంబరు రెండో వారానికి మూడు వేరు పట్టాయి. ఒకటి టీచరమ్మ దగ్గరే ఉంటుంది, ఒకటి కాజీపేటలోని వాళ్ళ అక్కయ్య ఇంటికి వెళ్ళింది. మూడోది మా నర్సరీకి తెచ్చుకొని బోరు నీళ్ళ కుళాయికి దూరంగా, వాన నీళ్ళ తొట్టి పక్కన పెట్టాను.